పక్క సీటు క్లచ్

ఆ రోజు ఎత్తు మీద క్లచ్ నొక్కింది ఆయనా, ఆయన కాలా? ఇన్నేళ్లయినా తేలలేదు.

డ్రైవింగ్ స్కూల్లో అందరూ ఆయన్ని మాస్టారు అనేవారు. ముప్పై ఏళ్లు పక్క సీట్లో కూర్చుని నేర్పారు. ఆ కారులో నేర్పేవారి కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. ప్రమాదం తప్పించడానికి పెట్టినవి. స్కూలు బావమరిది చేతికొచ్చాక వాటికి వేరే పని పడింది. టెస్టు రోజు నేర్చుకునేవాడు స్టీరింగ్ పట్టుకుని బుద్ధిగా ముందుకు చూస్తే చాలు, మిగతాది మాస్టారి కాళ్లు చూసుకునేవి.

ఆ కాళ్లంటే ఆయనకే రోత. మాడిన క్లచ్ ప్లేటు కంపు సబ్బుతో తోమినా వదిలేది కాదు. భార్య ముక్కు మూసుకుని, "మా తమ్ముడు మీకు పనిచ్చాడా, పొగబెట్టాడా?" అనేది.

ఆ నెల ఒకడు చేరాడు. బడిపిల్లల వ్యానుకు డ్రైవరుగా కుదిరాడు, సోమవారం నుంచి పని. క్లచ్ సగం తొక్కి, దాని మీదే కాలు వేసి కూర్చునేవాడు. గేరు మార్చమంటే చెట్టుకొమ్మ విరిచినట్టు లాగేవాడు.

"నెమ్మదిగా వదులు నాయనా. ఒకచోట బండి సన్నగా వణుకుతుంది చూడు, అక్కడ ఆపు."

"నాకేం వణుకు లేదు సార్!"

శుక్రవారం టెస్టు. "వ్యానులో రెండో క్లచ్ ఉండదురా, ఇరవై మంది పసివాళ్లు" అన్నారు మాస్టారు బావమరిదితో.

"అది బడివాళ్ల తలనొప్పి. నీతులు ఇంట్లో పెట్టి రా బావా. కాళ్లు మాత్రం తెచ్చుకో" అన్నాడు బావమరిది.

ఇవాళ కదిపేది లేదనుకుని మాస్టారు రెండు కాళ్లూ సీటు కిందికి లాక్కున్నారు. వెనక సీట్లో ఇన్‌స్పెక్టరు పుల్లతో పళ్లు కుట్టుకుంటూ, ఎత్తు సగంలో కారు ఆపించాడు.

"ఊఁ, పోనీ."

ఇంజను దగ్గింది. కారు జానెడు వెనక్కి జారింది. మరుక్షణం వెన్నలో కత్తిలా పైకెక్కేసింది. మాస్టారు కిందికి చూసుకున్నారు. రెండు కాళ్లూ పెడళ్ల మీదే ఉన్నాయి.

"పాస్" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అయ్యా, క్లచ్ నొక్కింది నేను. ఇతనికి రాదు."

"తెలుసు లెండి మాస్టారూ. వెనక నుంచి మీ మోకాలు కనబడదూ? ఎన్నేళ్లుగా చూస్తున్నాను!" ఆ పుల్ల నోట్లోనే ఉంచుకుని సంతకం గీకేశాడు.

"సార్ జోకులేస్తారు" అని వ్యాను డ్రైవరు పకపకా నవ్వాడు. ఎత్తు పైన కాచుకుని ఉన్న బావమరిది కిటికీలోంచి తల దూర్చాడు. "చూశావా బావా, నీ కాలికున్న బుద్ధి నీకు లేదు!"

మాస్టారు తలుపు తోసుకుని దిగారు. స్టీరింగ్ ముందు అప్పటికే ఇంకొకడు సర్దుకుంటున్నాడు. ఆ వ్యాను తిరిగే బడి అక్కడికి రెండు వీధులే. హెడ్‌మాస్టరు ఇంకా ఇంటికి వెళ్లి ఉండడు. "బావా, ఎక్కడికి? ఇంకా నలుగురున్నారు!" అని వెనక నుంచి కేక. ఆయన వస్తానని కూడా అనకుండా అటు నడిచారు.