గుప్పెడు గరిక

మనిషన్నాక ఎప్పుడో ఒకసారి బుద్ధి గడ్డి తింటుందంటారు. నా విషయంలో బుద్ధికి ఆ శ్రమ ఇవ్వకుండా నేనే తిన్నాను, అదీ నలుగురి ముందు. ఎలాగో వినండి.

గుజరాత్‌లోని లింబాయత్‌లో మరమగ్గాల మీద పని నాది. బీపీ పెరిగింది. ఇంటికొచ్చి పడుకున్నా చెవుల్లో మగ్గం ఆడుతూనే ఉండేది. నిద్ర సమ్మె కట్టింది. మన తెలుగు డాక్టరమ్మ, "మందులు మానొద్దు. పొద్దున్నే చెట్లున్న చోట నడవండి, మనసు కుదుటపడుతుంది," అంది.

ఫ్లైఓవర్ పక్కన కొత్తగా వేసిన చిన్న పార్కుంది. చుట్టూ వేపచెట్లు, మధ్యలో పచ్చిక. ఇక పట్టు పట్టాను. "గిట్ల కండ్లు మూసుకోని తిరిగితే పిచ్చోడంటరు," అని నా భార్య సుజాత మొత్తుకున్నా వినకుండా, చెప్పులు విడిచి ఆ పచ్చిక మీద గానుగెద్దులా తిరిగాను. కొన్నాళ్లకు నిద్ర పట్టింది. అంతే, కనబడ్డవాడికల్లా గరిక మహిమ మీద ప్రవచనం! చివరికి ఒక సెలవునాడు మిల్లు దోస్తులను వెంటబెట్టుకుపోయాను.

"చెప్పులిడువుండ్రి. భూమితల్లి సల్లదనం అరికాళ్లకెల్లి నెత్తికెక్కుతది!"

పక్క మగ్గం మల్లేశం ఒంగి, ఒక పోచ పీకి వేళ్ల మధ్య నలిపాడు. "అన్నా, ఇది గరిక గాదే. మనం నేసే నైలాన్ దారమే, జర మందం."

"ఏంది? మంచుకు తడిసింది, సూస్తలేవా?"

"పక్క మొక్కలకు పైపు పెట్టిండ్రు గదనే. ఆ నీళ్లే."

తగ్గితే నేనెట్లా అవుతాను? గుప్పెడు పీకి నోట్లో వేసుకున్నాను. "పచ్చి గరిక నమిలితే రక్తం సాఫయితది!" నమిలాను. నములుతూనే ఉన్నాను. నలగదు, తెగదు, దిగదు.

ఇంతలో తోటమాలి చీపురుతో వచ్చాడు. "భయ్యా, జరా హటో. కార్పెట్ ఉఠానా హై," అంటూ అంచు పట్టి పచ్చికంతా చాపలా చుట్టేశాడు. కింద సిమెంటు! దోస్తుల నవ్వులు విని, అక్కడ నడుస్తున్న గుజరాతీ పెద్దమనుషులు ఆగి, ఏమైందన్నట్టు "శూ థయు?" అన్నారు. మల్లేశం వాళ్లకు హిందీలో మొదటినుంచీ చెప్పాడు, ఓపికగా.

మర్నాడు పళ్లలో ఇరుక్కున్న పోగుతో డాక్టరమ్మ దగ్గరికి పోయాను. "మోసపోయిన మేడమ్. ఇంక ఆ పార్కు మొకం సూడ."

ఆమె బీపీ చూసింది. తగ్గింది! "చెట్లు నిజం, నడక నిజం, నిద్రా నిజమే కదా. రోజూ వెళ్లండి," అంటూ పట్టకారుతో పోగు లాగి నా కళ్ల ముందు ఆడించింది. "నడవండి. మేయకండి."

ఇప్పటికీ వెళ్తున్నాను. కానీ పంచభూతాల సాక్షిగా ఒట్టు: ఇకపై ఏ పచ్చికనైనా ముందు ఒక మేక మేసి, నెమరేసి, నాకేసి చూసి తలూపాకే దాని గొప్ప నలుగురికీ చెబుతాను.