దగ్గుకు లేని సూది

మా పశువుల డాక్టరు గారు పోయారు. మైదుకూరులో కూతురింట్లో, కాఫీ తాగి కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారట. ఆయన అల్లుడు బస్సు దిగి వచ్చి ఆ మాట చెప్తే, చేతిలోని మందుసీసాకు మూత పెట్టడం కూడా మరిచిపోయాను. పన్నెండేళ్లు ఆయన దగ్గర కాంపౌండరుగా చేశాను మరి.

ఆయన కోపమంతా మా మీదే. గొర్రెల ముందు గొంతు పెంచేవారు కాదు. టీకామందు ఫ్లాస్కుకు తడిగుడ్డ చుట్టి ఒళ్లో పెట్టుకునేవారు, నన్ను ముట్టనిచ్చేవారు కాదు. "ఎండ తగిలితే ఇది ఉత్త నీళ్లే. నీళ్లు పొడిచి మందని చెప్పకూడదురా" అనేవారు.

ఓర్వకల్లు పక్కన ఒక కాపరికి గొర్రెల మందే బతుకు. ఓ ఏడాది వానలు బాగా పడి, ఆ గొర్రెలకు దగ్గు పట్టుకుంది. చచ్చినదాన్ని డాక్టరు గారు కోసి చూపించారు. ఊపిరిగొట్టం నిండా తెల్లటి దారాల్లాంటి పురుగులు.

"తడి గడ్డిలోంచి వస్తాయప్పా ఇవి. మంచు ఆరేదాకా మందను చెరువు కాడికి తోలొద్దు. దీనికి సూది లేదు" అన్నారు. మేము ఆ రోజు పోయింది గొర్రెలకు అమ్మవారు పోసి ఒళ్లంతా బొబ్బలు లేవకుండా వేసే టీకా కోసం. దగ్గులేని గొర్రెలకు అది వేసి వచ్చేశాం.

నెల తిరిగేసరికి కాపరి ఏడుస్తూ వచ్చాడు. "శానా పోయినాయి సామీ. సూది ఏసినంక ఒళ్లు వేడి చేస్తాదని, చలవకు తెల్లారుజామునే మంచు గడ్డి మేపినా."

డాక్టరు గారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "తప్పు నాది. ఆ పూట సూది బయటికి తీయకుండా ఉండాల్సింది" అన్నారు. ఏదో ఒక బలం మందు పొడవండి సార్, మనసు కుదుటపడుతుంది అన్నాను. "ఎవరి మనసురా? గొర్రెదా, నీదా?" అని కసిరారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు పత్రికలో చదివారు. విదేశాల్లో ఆ జాతి పురుగు పిల్లలనే నీరసింపజేసి, దూడలకు టీకాగా తాపుతున్నారట. వెంటనే పైవాళ్లకు ఉత్తరం రాశారు. గొర్రెలకు ఇక్కడ ఇంకా లేదని జవాబొచ్చింది. ఆ జవాబు రాకముందే కొత్త మందు వచ్చిందని నేను కాపరి దగ్గర నోరు జారాను. ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను.

అతను మిగిలినవాటిలో ఒక గొర్రెను భుజాన మోసుకొచ్చి మా బల్ల మీద నిలబెట్టాడు. "కొత్త మందు వచ్చిందంట గదా సామీ. దీనికన్నా ఏయండి."

డాక్టరు గారు నావైపు చూశారు. గొర్రె దగ్గుతుంటే దాని మెడ కింద అరచెయ్యి పెట్టి పట్టుకున్నారు. కాపరి మాత్రం సూదికి చోటు చూపిస్తూ, తొడ మీది ఉన్నిని రెండు వేళ్లతో పాయ తీసి, అలాగే వంగి నిలబడ్డాడు.