దొరసానిని అడగరాని మాట అడిగిన

నా బతుకుల నేను చేసిన తప్పులన్నీ వరుసగ నిలబెడితే ఖమ్మం బస్టాండు నుంచి సత్తుపల్లి దాక లైను కడతయి. అండ్ల ఒకటి మాత్రం బస్సు టాపు మీద కూసోని ఊరేగుతది. ఇయ్యాల దాని సంగతే చెప్తున్న. నవ్వుకోండ్రి, ఏమనుకోను. మధ్యల "అయ్యో పాపం" అని మాత్రం అనొద్దు. ఆ జాలికి నేను తగను.

సెల్‌ఫోన్లు కొత్తగ వస్తున్న రోజులు. నేను తెలుగుల ఎం.ఫిల్. చేస్తున్న. మా అబ్బాజాన్‌కు ఖమ్మంల బట్టల దుకాణం. "రఫీ, మనం చీరలు అమ్ముకుని బతికేటోళ్లం. నువ్వేమో చీరలెనక తిరిగిన దొర మీద పుస్తకం రాస్తవా?" అని రోజూ గులుగుడు.

ఆ దొర పేరు రంగభూపాలరావు. పెనుబల్లి అవతల అడివి అంచు ఊర్ల గడి అనేటి పెద్ద మేడ, కనుచూపు మేర భూములు, చేతిల కలం. తన ఇంటి గుట్టు, తన ఉంపుడుగత్తె ముచ్చట, చుట్టాల బాగోతాలు, అన్నీ పేర్లతోని సహా అచ్చేసిండు. పెద్దమనుషులు ఆయన పేరెత్తితే చెవులు మూసుకునేటోళ్లు. పుస్తకం మాత్రం పరుపు కింద పెట్టుకునేటోళ్లు.

"ఎవలకూ తెల్వని సంగతి ఒక్కటన్న తేకపోతే నీ థీసిస్ మీద సంతకం పెట్టను" అన్నడు మా గైడు సారు. గడువు నెల. అది దాటితే దుకాణంల గజంకర్ర నా చేతికొస్తది.

ఊరికి పోయిన. దొర పోయి చాన ఏండ్లైంది. ఆయన భార్య, ఉంపుడుగత్తె మంగతాయి, ఇద్దరూ ఆ ఊర్లెనే ఉన్నరు. చాయ్ హోటల్ల అడిగితే "ఒకామెది అగో ఆ మేడ, ఇంకొకామెది చివరి పెంకుటిల్లు" అన్నరు. ఏది ఎవలదని అడగొచ్చు గదా? అడగలే! పరిశోధకుడినాయె! మేడంటే దొరసాని, పెంకుటిల్లంటే మంగతాయి. గింత చిన్న లెక్క నాకు రాదా?

పెంకుటింటి అరుగు మీద ఒక పెద్దామె చింతపండుల గింజలు తీస్తున్నది.

"ఎవలు పిలగా?"

"ఖమ్మం నుంచి వచ్చిన అమ్మా. దొరవారి మీద పరిశోధన చేస్తున్న."

"అవ్‌నా? కూసో."

టేప్‌రికార్డర్ నొక్కిన. గొంతుల ఉన్న దయంతా కూడగట్టుకుని అడిగిన.

"దొరవారు మిమ్ముల ఉంచుకున్నది ఏ సంవత్సరంల అమ్మా?"

చింతపండు మీద చెయ్యి ఆగింది.

"ఏందీ?"

చెవుడేమో అనుకున్న. పక్కింటికి గూడ ఇనపడేటట్టు మళ్ల అడిగిన.

"నన్ను... ఉంచుకున్నడా?"

"సిగ్గుపడకుండ్రి అమ్మా. సాహిత్యంల సిగ్గుండదు." (ఈ మాటన్నది నేనే. రాసుకోండ్రి.) "పెద్ద దొరసాని మిమ్ముల బాగ సతాయించిందట గదా? మహా గయ్యాళి అట?"

"ఎవలన్నరు?"

"అందరంటరు. ఆమె నోటికి జడిసే దొర గదిల గొళ్లెం పెట్టుకునేటోడట. అట్ల లోపల కూసోని కూసోని రచయిత అయిండట!"

"ఇంకేమంటరు?"

ఇంకా చెప్దామని గొంతు సవరించుకుని తలెత్తిన. ఆమె ఎనక గోడకు పెద్ద పెండ్లి ఫోటో. తలపాగతోని దొర. పక్కన బాసికం కట్టుకున్న పెండ్లికూతురు. గిదే ముక్కు, గవే కండ్లు.

నా పానం రోట్ల పడ్డ మిరపకాయ లెక్కైంది. టేపు సంకల పెట్టుకుని లేచిన. చెప్పు ఒకటే దొరికింది.

"కూసో!" అన్నది దొరసాని. ఒకనాడు గడినంతా నడిపిన గొంతు అది. మళ్ల అరుగు మీద కూలబడ్డ. "టేపు ఆపకు."

కండ్లు మూసుకున్న. తిట్లు రాలే. తెరిచి చూస్తే, కొంగు నోట్ల కుక్కుకుని, భుజాలు కదిలేటట్టు నవ్వుతున్నది!

"వచ్చినోడల్లా 'దొరవారు దేవుడు గదమ్మా' అంటడు. నేను అవ్ అంట. మజ్జిగ తాగి పోతడు. సక్కగ అడిగినోడివి నువ్వొక్కడివే. అదీ ఇల్లు తప్పొచ్చి!"

ఇగ మొదలుపెట్టింది.

"మంచోడేం కాదు పిలగా. నన్ను మస్తు ఏడిపించిండు. కాని రాతల అబద్ధం రాయలే. ఆడోళ్ల ముచ్చట్లు రాసినన్ని రోజులు చుట్టాలు సాటుంగ సదివి నవ్విండ్రు, మా ఇంటికొచ్చి పిండివంటలు తిన్నరు. ఒకసారి భూముల ముచ్చట రాసిండు. అడివిల కోయోళ్ల చెలకలు మా మామ ఎట్ల గుంజుకున్నడు, ఎవలెవలిని వెట్టికి పెట్టిండు, అన్నీ. గప్పటి సంది ఆ చుట్టాలు మా ఇంట్ల మంచినీళ్లు గూడ ముట్టలే. ఆయన పోతే ఒక్క చుట్టం రాలే. జీతగాళ్లే మోసిండ్రు."

నా నవ్వు, భయం రెండూ పోయినయ్. మెల్లగ అడిగిన. "మరి ఆ మేడ?"

"మంగతాయికి నేనే ఇచ్చిన. గంత ఇల్లు ఊడ్వ నాతోని కాదు. ఆయన కోసం ఏడ్చేతందుకు మిగిలింది మేమిద్దరమే. ఇంకేం కొట్లాడతం? దాని దగ్గరికి గూడ పో. 'పెండ్లి ఏ సంవత్సరంల అయ్యిందమ్మా' అని అడుగు. పాపం, మురుస్తది."

పోయిన. అట్లనే అడిగిన. మురిసింది. మురిసి రెండు టేపుల నిండ చెప్పింది.

గైడు సారు మారుమాట లేకుండ సంతకం పెట్టిండు. వైవా రోజు ఇద్దరు పెద్దమ్మలూ ఒకే ఆటోల దిగి ముందు వరసల కూసున్నరు. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి లేచి నిలబడి, "ఇంత నిజమైన థీసిస్ ఈమధ్య సదవలే" అన్నడు. చప్పట్లకు నా చాతి కాలరు దాటి వచ్చింది. ఆయన ముందు వరస దిక్కు తిరిగి చేతులు జోడించి అడిగిండు.

"మీ ఇద్దరిల దొరసానిగారు ఎవరమ్మా?"

ఇద్దరూ ఒక్కసారే వేలెత్తి ఒకలినొకలు చూపించుకున్నరు.

పెద్దల సమక్షంల, ఖమ్మం జిల్లా సాక్షిగ ఒట్టు పెడుతున్న: ఇంటి ఎత్తు చూసి ఇంట్లున్నామె వరస ఇంకెన్నడూ తేల్చను.