రోగి ఒక్కడూ లేని ఇటుక బట్టీ

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను వంశధార ఒడ్డునున్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ సూపర్‌వైజరుగా బదిలీ చేశారు. ఇదేమంత పెద్ద హోదా కాదు. డాక్టరుగారికి కింద, ఏఎన్ఎంలకు పైన. రెండువైపులా చివాట్లు తినే ఉద్యోగం.

చేరిన వారానికే ఒక ఊరి నుంచి అర్జీ వచ్చింది. ఊరవతల ఇటుక బట్టీలో పనిచేసే ఒడిశా కూలీలు రోగాలు మోసుకొస్తున్నారట. పరీక్షలు చేసి కాగితం ఇచ్చేదాకా వాళ్లను ఊరి కుళాయి ముట్టనివ్వరట. సంతకం సర్పంచిది, రాసింది ఆవిడ భర్త అప్పలనాయుడు. ఆవిడ సంతకానికే ప్రెసిడెంటు. తక్కిన పెత్తనమంతా ఆయనదే. కుళాయి అప్పటికే మూసేశారు. బట్టీ ఆడవాళ్లు మండుటెండలో కాలవ నీళ్లు మోసుకొచ్చి పిల్లలకు అవే తాగిస్తున్నారు.

డాక్టరుగారు శిబిరం పెట్టమన్నారు. ముప్పై దాటిన ప్రతివారికీ బీపీ, షుగరు చూడాలి. రెండు వారాలు దాటి దగ్గుంటే డబ్బాలో కఫం పట్టి క్షయ పరీక్షకు పంపాలి. ఫారంలో రెండు గడులు: స్థానికులు, వలసవారు. ఊరివాళ్లనూ రమ్మన్నాం. "మాకేటి రోగం? పుట్టిన కాడ్నించి ఈ నీల్లే తాగతన్నాం" అని పరాచికాలాడుతూనే వచ్చారు.

సాయంత్రానికి ఊరి నమ్మకం తలకిందులైంది. బట్టీవాళ్లలో బీపీ ఉన్నవారు వేళ్ల మీద లెక్క. దగ్గు ఒక్కరికీ లేదు. ఊరివాళ్ల గడి మాత్రం నిండిపోయి అదనపు కాగితం కుట్టాల్సి వచ్చింది. అప్పలనాయుడి బీపీ చూసి ఏఎన్ఎం నమ్మలేక మూడుసార్లు పట్టీ కట్టింది. "పొద్దుట్నించి ఆల్లకి కట్టీసి కట్టీసి మిషను పాడైపోనాది" అని ఆయన చెయ్యి లాక్కుని వెళ్లిపోయాడు.

నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. గురివింద తన నలుపెరగదని ఇంట్లో ఆ రోజు నాలుగుసార్లు అన్నానట. వలస కూలీల్లో అంటురోగం ఒక్కరికీ లేదని ధ్రువపత్రం రాసి, డాక్టరుగారి చేత సంతకం పెట్టించాను. మర్నాడే కుళాయి తెరిచారు.

నకలు ఇవ్వడానికి బట్టీకి వెళ్లాను. అందరూ సంబరపడ్డారు, సుకాంతి అనే కూలీ తప్ప. నాలుగేళ్లుగా వస్తున్న మనిషి, మన మాట బాగా వచ్చు.

"దగ్గున్నోల్లు ఉంటే కదా బాబూ నువ్వు రాస్తావు? సిబిరమని తెలిసి మా ఆయన్నీ ఇంకో ఇద్దర్నీ బట్టీ మేస్త్రి రైలెక్కించేసినాడు. మందూ నేదు, ఆస్పత్రి సీటీ నేదు. ఏటా ఇంతే" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. గురివింద సామెత ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది. క్షయ అనుమానం ఉన్న మనిషి జిల్లా దాటితే, పేరూ ఊరూ అక్కడి క్షయ విభాగానికి తెలియజేయాలి. సుకాంతి చెప్పినంత మేరకు రాసుకుని అదే రోజు పంపాను. ఇక ధ్రువపత్రం దిద్దాలి. దిద్దితే కుళాయి మళ్లీ మూస్తారు. రెండు రోజులు నాన్చి, చివరికి దగ్గున్న ముగ్గురిని శిబిరానికి ముందే పంపేశారని దిద్దిన కాగితం పట్టుకుని అప్పలనాయుడి ఇంటికి వెళ్లాను.

ఆయన రెండుసార్లు చదివాడు. "గుజరాత్ మిల్లులో నన్నూ ఇలాగే రైలెక్కించేసినారు సారూ. ఆయాసమొచ్చింది, పనికి రానన్నారు. ఆల్ల కాగితంలో నానూ ఉండను" అన్నాడు.

కుళాయి మూయలేదు. బీపీ మాత్రలు మాత్రం మిషను మార్చాకే వేసుకుంటానన్నాడు.

సుకాంతి భర్తకు క్షయ అని తేలింది, మందులు మొదలుపెట్టారు. మిగతా ఇద్దరి ఊళ్లు ఎవరికీ సరిగా తెలియలేదు.

ఆ ఊళ్లో జబ్బు మనుషులే ఎందుకు మిగిలారో, గట్టి మనుషులు ఏమయ్యారో అప్పుడు అర్థమైంది. వాళ్లు ఎక్కడో ఎవరి ఫారంలోనో వలసవారి గడిలో ఆరోగ్యంగా ఉన్నారు. ఒళ్లు చెడ్డాక తిరిగొచ్చి మా ఫారంలో స్థానికులవుతున్నారు. రిటైరయ్యేదాకా ఏ శిబిరంలోనైనా ముందుగా, ఈమధ్య ఎవరెవరు వెళ్లిపోయారని అడిగేవాణ్ణి. దానికి ఫారంలో గడి లేదు. అంచున పెన్సిలుతో రాసేవాణ్ణి.