పడేసుంటాడు

దామోదరం పేరు తలచుకుంటే ఇప్పటికీ నాకు రోత పుడుతుంది. కానీ మునెమ్మ గురించి చెప్పాలంటే ఆ పేరు ఎత్తక తప్పదు.

ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఒర్లియంపేటలో మునెమ్మ మా వీధి మనిషి. మొగుడు పోయినప్పటి నుంచి నూలు మిల్లులో దూది ఏరే పని. అక్షరం ముక్క రాదు గానీ మాట ఆచితూచి మాట్లాడేది. పొద్దున్నే చిటికెడు దూది వేళ్ల మధ్య నలిపి, తేమ చూసి, "రాత్రి సముద్రం గాలి కొట్టుంటాది" అనేది. "కొట్టింది" అని మాత్రం అనేది కాదు. వీధిలో ఎవరి కోడి పోయినా ఆమెనే పిలిచేవారు. రాలిన ఈకలు చూసి, గోడ చూసి, "పిల్లి ఎత్తుకపోయుంటాది" అనేది. తను చూడనిదాన్ని చూసినట్టు చెప్పడం ఆమె లెక్కలో అబద్ధమే.

ఒక ఏడు మిల్లులో దూది గోదాం కాలిపోయింది. సమ్మె చేసినవాళ్లే కావాలని నిప్పు పెట్టారని యజమానులు కేసు పెట్టి, సమ్మెలో ఉన్న కూలీ మాడసామిని పట్టించారు. వాడు మునెమ్మ అక్క కొడుకు. తల్లి పోతే ఈమే పెంచింది. గోదాం వెనక సగం కాలిన చుట్ట దొరికింది. అక్కడ కూర్చుని చుట్ట తాగేది వాడొక్కడే. మునెమ్మ రెండు రోజులు ఆలోచించి, వాడు ఆర్పడం మరిచి పారేసి ఉంటాడని తేల్చుకుంది. కావాలని చేసింది కాదని చెబితే వాడికి జైలు తప్పుతుందని తనంతట తానే సాక్ష్యానికి వచ్చింది.

జడ్జి ఫ్రెంచి దొర. ఆమె మాట ఆయనకు చెప్పాల్సిన దుబాసీ దామోదరం. బజారులో బట్టల కొట్టువాళ్ల బిడ్డ, ఇంట్లో మాట్లాడేది తెలుగే, బయట అది వినబడితే ముఖం చిట్లించుకునే రకం. నేను ఆ కోర్టులో గుమాస్తాను. ఫ్రెంచిలో చెప్పింది చెప్పినట్టు రాయడం నా పని.

"వాడు తెలీక పడేసుంటాడు సామీ" అంది మునెమ్మ.

"చుట్ట వాడే పడేశాడట" అని ఫ్రెంచిలో చెప్పాడు దామోదరం.

కళ్లారా చూసిందేమో కనుక్కోమన్నాడు దొర.

"చూసినావా?"

"చూసుంటే ఆడనే ఆర్పేసుండనా?"

దామోదరం గోడ గడియారం వైపు చూశాడు. భోజనం వేళ దాటిపోతోంది. "చూసిందట. కానీ ఆర్పలేదట" అన్నాడు.

నా కలం ఆగింది. దామోదరం నావైపు ఒక చూపు చూశాడు. నేను రాశాను.

మాడసామికి ఐదేళ్లు పడ్డాయి. తీర్పు అందరికీ తెలిసేలా ఊరి భాష తమిళంలో చదివి వినిపించారు. నిప్పు పెడుతుండగా చూసిన సాక్షి సొంత చిన్నమ్మే అని అందులో ఉంది. వాడు ఆమె వైపు తిరగకుండానే బంట్రోతుల వెంట వెళ్లిపోయాడు.

మాట ఎందుకు మార్చావని వరండాలో దామోదరాన్ని అడిగాను. పళ్ల సందున ఇరుక్కున్న వక్క గోటితో పీక్కుంటూ, "పడేసినాడు, పడేసుంటాడు, రెండూ ఒకటే పోవయ్యా. కూలోళ్ల మాటకి వ్యాకరణం ఒకటా?" అని ఆ వక్క నా కాళ్ల దగ్గరే ఉమ్మాడు.

సాయంత్రం మునెమ్మ మా ఇంటికి వచ్చింది. మెట్టు మీదే కూర్చుంది.

"తంబీ, ఆ దొర బాసలో 'పడేసుంటాడు' అనేదానికి మాట లేదా?"

"ఉందక్కా."

ఆమె ఎప్పటిలాగే నిదానంగా అంది.

"నీకు ఆ బాస వస్తాది. నువ్వు ఆడనే కూచోనుండావు. అట్లయితే వాడు మాట మార్చింది నీకు తెలిసుంటాది."

ఉద్యోగం పోతుందని భయపడ్డానని చెప్పబోయాను. ఆమె నా ముఖంలోకి చూస్తూ లేచింది.

"తెలిసుంటాది కాదు" అంది. "తెలిసింది."