మోత ఉంది, మాట లేదు

ఎవరింటికెళ్ళినా ఆయన ముందు టీవీ సెట్టింగులు మార్చేవాడు. కూర్చోండి అనేలోపే మార్చేవాడు. మంచినీళ్ళ గ్లాసు వచ్చేసరికి ఆయన చేతిలో రిమోట్ ఉండేది, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక ఇంటావిడ నిలబడి ఉండేది. పుట్టినరోజుకి పిలిచినా అంతే, పరామర్శకి వెళ్ళినా అంతే. ఒకసారి ఒక చావింట్లో, పోయినాయన ఫొటో పక్కనే వార్తలు నడుస్తుంటే, కళ్ళు తుడుచుకుంటూ లేచాడు, సౌండు సరిచేశాడు, తిరిగొచ్చి మిగతా ఏడుపు ఏడ్చాడు.

"మోత ఉంది, మాట లేదు" అనేవాడు. ఎవరింట్లో అడుగుపెట్టినా ఆయన పెట్టే నమస్కారం అదే.

బంధువులు ఆయనకి సెట్టింగులాయన అని పేరు పెట్టారు. ఆయన వస్తున్నాడని తెలిస్తే రిమోట్లు దిళ్ళ కిందికీ బీరువాల్లోకీ వెళ్ళిపోయేవి. దానివల్ల ఒరిగిందేమీ లేదు. టీవీ వెనక్కి చెయ్యి పోనిచ్చి, అక్కడుండే బుల్లి బొత్తాం నొక్కి పని కానిచ్చేవాడు. ఆ బొత్తాం ఉందన్న సంగతి చాలామంది టీవీ యజమానులకి ఆయన వల్లే తెలిసింది.

పేరు ఆయనకొచ్చింది, పరువు మాత్రం భార్యది పోయింది. మొదట్లో ఆవిడ నవ్వేది. తర్వాత సర్దిచెప్పేది. ఇప్పుడు ఎవరింటికైనా వెళ్ళాలంటే ముందు రోజు నుంచే ఆవిడకి తలనొప్పి మొదలయ్యేది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తాగుడో పేకాటో ఉన్న మొగుళ్ళు దొరికారనీ, వాళ్ళ గురించి చెప్పుకుని ఏడిస్తే నలుగురు జాలిపడతారనీ, తన కష్టం చెబితే నలుగురూ నవ్వుతారనీ ఆవిడ బాధ.

ఆయనకి ఒక చిన్న కళ్ళద్దాల షాపు ఉండేది. షాపులో మాత్రం పెద్దమనిషి. నడివయసు మనుషులు వచ్చి, చేతిలో ఉన్న కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టి, తమ కళ్ళకేమీ కాలేదనీ అక్షరాలే చిన్నగా అచ్చేస్తున్నారనీ చెప్పేవాళ్ళు. ఆయన ఎప్పుడూ కాదనలేదు.

"అవునండీ, ఈమధ్య మరీ చిన్నవి వేస్తున్నారు. మీరేం చేస్తారు పాపం" అనేవాడు. "ఇది పెట్టుకోండి, వాళ్ళ తప్పు సర్దుకుంటుంది."

అలా ఆ షాపులోంచి చూపు తగ్గినవాడు ఒక్కడూ బయటికి రాలేదు. తప్పంతా అచ్చువేసేవాళ్ళది. ఇంతమందికి అద్దాలు పెట్టిన మనిషికి తన ముక్కు మీద మాత్రం అద్దాలు లేవు. తనవి డేగ కళ్ళని చెప్పుకునేవాడు. భార్య తనవి పాము చెవులని చెప్పుకునేది. అలా ఆ ఇంట్లో ఒక డేగా ఒక పామూ కాపురం చేస్తుండేవి.

ఆవిడ ఆసుపత్రిలో కొత్తగా వచ్చిన రోగుల వివరాలు రాసుకునే కౌంటరులో పనిచేసేది. ముందొక గాజు పలక, దానికో చిన్న కన్నం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ కన్నంలోంచి జనం గొణిగేవాళ్ళు, ఈవిడ కసిరేది. నోట్లో ఏముంది, గట్టిగా చెప్పండి అనేది. ఏటికేడాది మనుషులకి మాట్లాడ్డం చేతకాకుండా పోతోందని ఆవిడ గట్టి నమ్మకం. పూర్వం జ్వరంతో మూలిగేవాడు కూడా పేరూ వయసూ గుక్కతిప్పుకోకుండా చెప్పేవాడట. ఇప్పుడు కాలు విరిగినవాడికి కూడా నోరే పడిపోతోందట.

ఒకరోజు సెట్టింగులాయన షాపు మూసి, చంకలో ఒక డబ్బాతో ఆసుపత్రికి వచ్చాడు. ఆఫీసరుని బతిమాలుకుని, గాజు పలకకి బయట ఒక మైకూ లోపల ఒక స్పీకరూ బిగించాడు. ఆఫీసరు మెచ్చుకుని మిగతా కౌంటర్లకి కూడా పెట్టమన్నాడు. ఆవిడ మాత్రం వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. బంధువుల ఇళ్ళు చాలక ఉద్యోగం మీద కూడా పడ్డారా అని ఎనిమిదో రోజున అడిగింది.

ఇంట్లో సంగతి సరేసరి. హాల్లో మనుషులకంటే స్పీకర్లు ఎక్కువ. ముందు రెండు, వెనక రెండు, మూలన ఒక పెద్ద దిమ్మ, మధ్యలో మాటల కోసమే అని ప్రత్యేకంగా ఒకటి. వాటన్నిటి దుమ్మూ దులిపేది ఆవిడే. ఆవిడ కుర్చీ ఎక్కడుండాలో నేల మీద టేపు అంటించి మరీ గుర్తుపెట్టాడు. జానెడు జరిపినా ఒప్పుకునేవాడు కాదు. తన ఇంట్లో తన కుర్చీ జరుపుకునే గతి కూడా లేదు కదా అని ఆవిడ కుమిలిపోయేది. పైగా ఎక్కడ కూర్చున్నా ఆవిడకి ఎడంపక్కనే కూర్చునేవాడు. బస్సులోనైనా సరే, కుడిపక్క సీటు ఖాళీగా ఉంటే నిలబడేవాడు. చాదస్తానికి కూడా ఒక హద్దుండాలి.

అడిగినా అడక్కపోయినా ఆయన దగ్గర ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉండేది. పాత టీవీ పెట్టెలా ఉండేది, దాని స్పీకర్లు మనిషి మొహం చూసి మాట్లాడేవి. ఇప్పటివి సన్నబడాలన్న మోజులో పడ్డాయి. స్పీకరుకి ముందు చోటు లేక వెనక పెట్టారు, అది గోడతో మాట్లాడుతుంది. సినిమా తీసేవాళ్ళేమో కారు పేలితే దానికి రాజమర్యాదలు చేసి, పక్కనున్న మనిషి మాటని మాత్రం వీధిలో నిలబెడతారు. కాబట్టి మోత తగ్గించి మాట పెంచాలి. అదీ ఆయన సిద్ధాంతం. విన్నవాళ్ళకి అందులో తప్పేమీ కనపడేది కాదు, తమ టీవీ జోలికి రానంతవరకూ.

ఆవిడ అన్నయ్య టీవీ జోలికి వచ్చినప్పుడు మాత్రం కొంప మునిగింది. ఆ రోజు కప్పు ఫైనలు. అన్నయ్య వీధిలో సగంమందిని ఇంటికి పిలిచాడు. ఆఖరి ఓవరు పడబోతుండగా, వ్యాఖ్యాత మాట సరిగా రావడం లేదని సెట్టింగులాయన మెనూలోకెళ్ళి ఏదో నొక్కాడు. తెర నల్లబడింది. టీవీ తను పుట్టినప్పటి స్థితికి వెళ్ళిపోయి, మీ భాష ఏది, మీ దేశం ఏది అని అడగడం మొదలుపెట్టింది. అన్నిటికీ జవాబులు చెప్పి బయటపడేసరికి గెలిచినవాళ్ళు కప్పు తీసుకుని వెళ్ళిపోతున్నారు.

ఇక మీదట మా ఇంటికి వస్తే నువ్వొక్కదానివే రా అన్నాడు అన్నయ్య. మొగుణ్ణి తాను ఎన్నైనా అంటుంది గానీ ఇంకొకళ్ళు అంటే ఆవిడ పడదు. అసలు వెళ్ళడమే మానేసింది. తల్లీ తండ్రీ లేని ఆవిడకి పుట్టిల్లంటే ఆ అన్నయ్యే. ఒక రిమోట్ వల్ల పుట్టిల్లు పోగొట్టుకున్నది ప్రపంచంలో తనొక్కతేనేమో అనుకుంటూ ఆవిడ ఆ స్పీకర్ల దుమ్ము దులిపేది.

అలాంటిది, అన్నయ్య కొత్త ఇంట్లోకి మారాక, వదిన ఫోన్ చేసి ఇద్దర్నీ భోజనానికి రమ్మంది. ఆవిడ ఫోన్ పెట్టేసి కాసేపు ఏడ్చి, తర్వాత మొగుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టింది.

"అక్కడ మీరు రిమోట్ ముట్టుకుంటే, తెల్లారేసరికి ఈ డబ్బాలన్నీ పాత సామాన్లవాడి బండి మీద ఉంటాయి. నేను మా అన్నయ్య ఇంట్లోనే ఉండిపోతాను."

"ముట్టుకోను" అన్నాడాయన.

"ఒట్టు?"

ఆయన హాల్లో ఉన్న స్పీకర్లన్నిటి వంకా ఒకసారి చూసి ఒట్టేశాడు.

అన్నయ్య కొత్త ఇంటి హాల్లో గోడకి గోడంత టీవీ ఉంది, పైకప్పులో కూడా స్పీకర్లున్నాయి. భోజనాలయ్యాక అందరూ ఒక హాస్య సినిమా పెట్టుకుని కూర్చున్నారు. సెట్టింగులాయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, ఆవిడకి ఎడంపక్కన కూర్చున్నాడు. రిమోట్ ఆయనకి మూరెడు దూరంలో టీపాయ్ మీద ఉంది. ఆయన దాని వంక చూడలేదు, భార్య వంకే చూశాడు.

సినిమాలో ఎవరో ఏదో అన్నారు. అందరూ పడీపడీ నవ్వారు. ఆవిడ వాళ్ళని చూసి, ఒక క్షణం ఆగి తనూ నవ్వింది. మళ్ళీ ఎవరో ఏదో అన్నారు, మళ్ళీ అందరూ నవ్వారు. ఈ కాలం నటులకి నోరు తెరవడానికి బద్ధకమని ఆవిడకి ముందే తెలుసు. కానీ ఇది మరీ అన్యాయంగా ఉంది. ఒక్క ముక్క తెలియడం లేదు. ఇంత పెట్టి కొన్నది ఇందుకా అని ఉక్రోషం వచ్చింది.

"ఏమిటన్నయ్యా ఇది, మోత ఉంది, మాట లేదు" అనేసింది.

అందరూ తిరిగి చూశారు. అన్నయ్య సినిమా ఆపాడు.

"నీక్కూడా అంటుకుందా? మాకందరికీ శుభ్రంగా వినిపిస్తోందే." తర్వాత చెల్లెలి మొహం చూసి గొంతు తగ్గించాడు. "నీకు వినిపించడం లేదా?"

ఆ ప్రశ్న ఆవిణ్ణి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. తనని తాను ఆవిడ కూడా అడగలేదు.

సెట్టింగులాయన తొడల కిందనుంచి చేతులు తీశాడు.

"ఆవిడకేం, పాము చెవులు. నేనే ఇందాకట్నుంచి పోరుతున్నాను, నన్ను రిమోట్ ముట్టుకోవద్దంది కాబట్టి నా బదులు నువ్వు చెప్పమని" అంటూ రిమోట్ అందుకున్నాడు. అన్నయ్య వద్దంటుండగానే నాలుగు నొక్కులు నొక్కాడు.

అన్నయ్యకి మొహం ఎర్రబడింది. మీ బుద్ధి మారదు బావగారూ, మిమ్మల్ని పిలవడం నాదే పొరపాటు అన్నాడు. సినిమా మళ్ళీ మొదలైంది. తెరమీద హాస్యనటుడు తన అత్తగారి గురించి ఏదో అన్నాడు. ప్రతి అక్షరం ముత్యంలా వచ్చి ఆవిడ చెవిలో పడింది.

"విచిత్రంగా ఉంది" అంది వదిన. "మొన్న నా కళ్ళద్దాలివ్వడానికి మీ ఆయనొక్కరే వచ్చారు. ఇదే టీవీ, ఇదే సౌండు. టీ తాగుతూ సగం సినిమా చూశారు. రిమోట్ పక్కనే ఉన్నా ముట్టుకోలేదు. అందుకే కదా, పిచ్చి కుదిరింది కదాని మిమ్మల్ని పిలుద్దామన్నాను."

కుదిరితే ఇప్పుడు రోకలి తలకి చుట్టమనడమే మిగిలిందన్నాడు అన్నయ్య.

గాజు పలకకి బిగించిన మైకు ఆవిడకి గుర్తొచ్చింది. నేల మీద టేపు గుర్తొచ్చింది. బస్సులో ఖాళీ సీటు పక్కన నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు. రిమోట్లు దాచిన ఇళ్ళన్నీ గుర్తొచ్చాయి, చావింటితో సహా. ఆ ఇళ్ళన్నిట్లో ఆయన పక్కన తను ఉంది. ఇన్నాళ్ళూ ఊరంతా పిచ్చివాడంటుంటే అవునని తలూపింది కూడా తనే. ఆవిడకి సిగ్గేసింది. వెంటనే ఒళ్ళు మండింది కూడా, ఒక్క ముక్క చెబితే ఏం పోయిందని.

అన్నయ్య రిమోట్ లాక్కుని మళ్ళీ పాత సెట్టింగు పెట్టబోయాడు.

"అలాగే ఉండనీ అన్నయ్యా" అంది ఆవిడ. "నాకు ఇప్పుడే వినిపిస్తోంది."

అన్నయ్య కాసేపు రిమోట్ వంక చూసి, దాన్ని తెచ్చి బావగారి ఒళ్ళో పెట్టి, వెళ్ళి తన చోట్లో కూర్చున్నాడు.

ఆటోలో ఇంటికి వస్తున్నప్పుడు ఆవిడ అడిగింది, ఎప్పట్నుంచి తెలుసని.

"దేని గురించి?" అన్నాడాయన ఎడంపక్కనుంచి. "ఈమధ్య టీవీలు మరీ సన్నగా చేస్తున్నారు. నువ్వేం చేస్తావు పాపం."

"నేను మీ షాపుకొచ్చిన బేరాన్ని కాను."

రెండు వీధులు దాటాక, చెవిలో పెట్టుకునే మిషన్లు ఏవైనా ఉంటాయా అని ఆవిడ గొణిగింది. అదే అడగరాని మాట. ఎన్నాళ్ళుగా కడుపులో దాచుకున్నాడో, ఆయన మొహం వెలిగిపోయింది. బ్యాటరీ రకాలతో మొదలుపెట్టి ఇల్లు చేరేదాకా ఆపలేదు. ఆవిడ మొదటిసారి ఆయన ఉపన్యాసం ఆసాంతం వింది, విన్నందుకు తలనొప్పి కూడా వచ్చింది.

చెవుల డాక్టరు చూసి, రెండూ తగ్గాయనీ కుడిచెవి మరీ మందగించిందనీ చెప్పాక, ఆవిడ చెవుల్లోకి బఠాణీ గింజంత మిషన్లు రెండు వచ్చాయి. కౌంటరులో జనం మాట స్పష్టంగా వినపడసాగింది. వాళ్ళు ఇన్నాళ్ళూ గొణిగినదాంట్లో సగం తన గురించేనని, అందులో రాక్షసి అన్నది కాస్త మర్యాదైన మాటని అప్పుడు తెలిసింది. ఆ రోజునుంచి కసరడం తగ్గించింది.

మళ్ళీ అన్నయ్య ఇంటికి వెళ్ళినప్పుడు ఏదో పరభాషా సినిమా నడుస్తోంది, మాటలన్నీ కింద అక్షరాల్లో పడుతున్నాయి. సెట్టింగులాయన రిమోట్ జోలికి పోలేదు. కుర్చీ అంచుకి జరిగాడు. ఇంకొంచెం జరిగాడు. మెడ చాచి, కళ్ళు చికిలించి, ఆఖరికి లేచి టీవీ దాకా నడిచాడు.

"ఈమధ్య అక్షరాలు మరీ చిన్నవి వేస్తున్నారు" అన్నాడు.

అన్నయ్య ఒక చిరునవ్వు నవ్వి, బావగారూ మీ కళ్ళు అని మొదలుపెట్టాడు.

"ఆయనకేం, డేగ కళ్ళు" అంది ఆవిడ, రిమోట్ అప్పటికే అందుకుని. "అవునండీ, మరీ చిన్నవి వేస్తున్నారు. మీరేం చేస్తారు పాపం."

మొగుడి వెనక తిరిగీ తిరిగీ ఆవిడకి ఆ సెట్టింగులన్నీ వచ్చేశాయి. నాలుగు నొక్కులు నొక్కింది. అక్షరాలు షాపు బోర్డంత అయ్యాయి.

"ఇప్పుడు బాగుంది" అంటూ ఆయన వచ్చి ఎడంపక్కన కూర్చున్నాడు.

"హీరోయిన్ మొహం కనపడ్డం లేదు" అంది వదిన.

"ఆ మొహంలో ఏముంది వదినా" అంది ఆవిడ, "చదువుకో."