కాక చెయ్యి, నా మాట

బ్యాటరీ కాక పోయాడని మొన్న గురువారం పొద్దున తెలిసింది. మా ఆయన ఆక్సిజన్ మిషన్‌కు బిగించే నీళ్ల సీసా కడుగుతున్నాను. ఫోన్ మోగింది. కాక కోడలు.

"అక్కా, మామ పోయిండు. నిద్రలనే పోయిండు. పన్నెండింటికి శవం తీస్తరట," అని ఫోన్ పెట్టేసింది.

సీసా కడిగి బిగించేదాకా మా ఆయనకు చిన్న సిలిండర్ పెట్టి ఉంచుతాను. అది ఎక్కువసేపు రాదు. అందుకని ముందు సీసా బిగించాను, మిషన్ ఆన్ చేశాను, గొట్టం ఆయన ముక్కుకు సరిచేశాను. ఆ తరువాత దేవుడి గదిలోకి వెళ్లి ఏడ్చాను.

కాక మాకు చుట్టం కాదు. జనగామ బస్టాండు వెనక చిన్న బ్యాటరీ దుకాణం. ఊరంతా కాక అనే పిలిచేది, నేనూ అట్లాగే పిలిచాను. ఆయన మేలు గురించి రాద్దామనే కూర్చున్నాను. కానీ ఆయనతో చెప్పాల్సిన మాట ఒకటి చెప్పకుండా మిగుల్చుకున్నాను. అది కూడా రాయకపోతే ఈ రాసిందంతా అబద్ధమే అవుతుంది.

మా ఆయన మహబూబాబాద్‌లో ఏండ్ల తరబడి మిర్చి వ్యాపారం చేశాడు. ఊపిరితిత్తులు ఆ ఘాటుకే పాడయ్యాయో మరి దేనికో, డాక్టర్లు తేల్చి చెప్పలేదు. గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషన్ లేనిదే ఉండలేని స్థితి వచ్చాక, అక్కడ అన్నీ అమ్ముకుని మా పుట్టింటి ఊరు జనగామకు వచ్చాం. మిషన్ గొట్టం ఏడు మీటర్లు. మంచం నుంచి ఇటు బాత్రూము దాకా, అటు వీధి గుమ్మం దాకా వస్తుంది. గుమ్మం దాటదు.

"ఏడు మీటర్ల రాజ్యం నాది. నువ్వు మంత్రివి," అనేవాడు మా ఆయన.

నాకు మాత్రం గొట్టం లేదు గానీ, నేనూ అంతే. కరెంటు పోతే ఇన్వర్టర్ అందుకుందో లేదో చూడాలి. అందుకని వీధి చివర గుడికి పోయినా చెవి ఇంట్లోనే ఉండేది. కొన్నాళ్లకు గుడికి పోవడమూ మానేశాను. గంట వినిపిస్తే వంటింట్లోనే నిలబడి దండం పెట్టుకునేదాన్ని. అట్లా మూడేళ్లు.

మా ఆయన దవాఖానలో ఉన్నప్పుడు ఒక మొక్కు మొక్కుకున్నాను. ఈయన ఇంటికొస్తే, కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద ఉన్న రెండు లింగాల ముందు ఇద్దరం నిలబడతామని. ఇంటికైతే వచ్చాడు. కాళేశ్వరం పోయేదెట్లా? మా తమ్ముడు సరుకులు తోలే పాత వ్యాన్‌లో మంచం వేయించాడు, కిటికీలకు పరదాలు కట్టాడు, ఒక మూల స్టవ్వు, నీళ్ల డ్రమ్ము పెట్టాడు. రెండు రోజులు అందులోనే ఉండొచ్చు. ఇక మిషన్ నడవడానికి బ్యాటరీ కావాలి. దాని కోసమే మొదటిసారి కాక మా ఇంటికి వచ్చాడు.

బండి ఎక్కి చూసి ముందు స్టవ్వు దించాడు. నేను పెట్టుకున్న దీపం కుంది, అగరుబత్తుల డబ్బా కూడా దించాడు.

"దేవుని పటం ఉండనియ్ బిడ్డా. నిప్పు మాత్రం వద్దు. ఆక్సిజన్ ఉన్న కాడ శివుడు గూడ మూడో కన్ను మూస్కోవాలె."

మా ఆయన నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వాడు. చాలా రోజుల తరువాత విన్న నవ్వు.

మా తమ్ముడు ఇంట్లో ఇన్వర్టర్‌కు ఉన్నటువంటి బ్యాటరీయే పెడదామన్నాడు. కాక తల అడ్డంగా ఊపాడు. "గది సీసం బ్యాటరీ. దాంట్ల సగమే వాడుకోవాలె, ఎక్కువ వాడితే పాడైతది. ఎక్కిచ్చేటప్పుడు యాసిడ్ గాలి ఇడుస్తది. మూసిన బండిల సేటు ఊపిరికి అదొకటా? లిథియం పెడదాం. అండ్ల గూడ ఐరన్ ఫాస్ఫేట్ అని రాసి ఉన్నదే. ఫోన్లల్ల ఉండే రకం ఒద్దు, అగ్గి అంటుకుంటది."

ఎంత పెద్దది కావాలో నేనే తెలుసుకునేట్టు చేశాడు. ఇంట్లో అన్నీ బందు పెట్టించి, మిషన్ ఒక్కటే నడిపి, కరెంటు మీటరు ముందు నన్ను నిలబెట్టాడు. ఒక యూనిట్ తిరగడానికి దగ్గర దగ్గర మూడు గంటలు పట్టింది.

"పొయ్యేది ఐదు గంటలు, ఆడికి పోయినంక మళ్ల కరెంటు ఎక్కిచ్చుకోవచ్చు. అంటే రెండు యూనిట్లు. దారిల టైరు పంచరైతది, గేటు పడతది. గందుకే రెండున్నర. పన్నెండు వోల్టులు, రెండు వందల ఆంపియర్లు అని రాసి ఉంటది. గదే అడగాలె."

నేను పదో తరగతి చదివాను. అన్నేళ్లలో ఎవరూ నాకు కరెంటు గురించి అంత ఓపికగా చెప్పలేదు.

పట్నం నుంచి ఒకతను రెండు బ్యాటరీలు తెచ్చి చూపించాడు. రెండింటి మీదా అవే అంకెలు. కాక వేలికున్న రాగి ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు. బ్యాటరీ ముట్టే ముందు ఆయన ఎప్పుడూ అట్లాగే చేసేవాడు, లోహం తగిలితే నిప్పు లేస్తుందని. తరువాత ఒక్కొక్కటీ కుడిచేత్తో ఎత్తి, కళ్లు మూసుకుని, దించాడు. బరువుగా ఉన్నదాన్ని ముందుకు జరిపాడు.

"గిది. నలభై ఏండ్ల సంది సీసం ఎత్తిన చెయ్యి. బరువు అబద్ధమాడది."

మేమూ దుకాణం మనుషులమే. ఇత్తడి బిందె అయినా, బెల్లం ముద్ద అయినా చేత్తో ఎత్తే కొన్నవాళ్లం. ఆ మాట మాకు సబబుగానే తోచింది.

పోయేముందు ఆయన చెప్పింది ఒక్కటే. "బిడ్డా, ఇంట్లనే ఆరు గంటలు దీని మీద మిషన్ నడుపు. పక్కనే కూసో. లేవకు. సీసం బ్యాటరీ అత్త లెక్క, ఒడిసిపొయ్యే ముందు గులుగుతది, లైటు గుడ్డిగైతది. ఇది కొత్త కోడలు. ఆఖరి దాక నవ్వుకుంట ఉండి, ఒక్కపాలి తలుపేస్కుంటది."

పక్కన కూర్చున్నాను. గంటన్నర నడిచింది. ఆ రోజు ఆదివారం. మరునాడు సోమవారం, శివుడి రోజు. తమ్ముడికి తీరిక ఉన్నదీ ఆ రోజే. మా ఆయన ఆ వారం కాస్త తేటగా ఉన్నాడు. కిటికీలోంచి బండి కనిపిస్తూ ఉంది. ఒకవేళ మిషన్ ఆగిపోతే ప్రయాణం ఆగిపోతుంది కదా అనిపించింది. ఆగుతుందేమో చూడడానికే ఆ పరీక్ష అని తెలుసు. తెలిసే, మా ఆయన కునుకు తీస్తుండగా ప్లగ్గు తీసి మళ్లీ ఇంటి కరెంటుకు పెట్టేశాను. వాడినంత మళ్లీ ఎక్కించి, సాయంత్రం కాకకు ఫోన్ చేశాను.

"ఆరు గంటలు నడిచింది కాకా."

"మంచిగైంది బిడ్డా. చిన్న సిలిండర్ మాత్రం మంచం కింద పెట్టుకో. బ్యాటరీ మీద నమ్మకం పెట్టు, పానం పెట్టకు."

కాళేశ్వరం దారిలో చిట్యాల దాటుతుండగా మిషన్ కూత పెట్టి ఆగిపోయింది. బయలుదేరి మూడు గంటలే అయింది. మా ఆయన చెయ్యి నా చీర కొంగును పట్టుకుంది. మాట్లాడేంత గాలి లేదు. మంచం కిందికి వంగి సిలిండర్ లాగి, తిప్పి, గొట్టం మార్చేదాకా నా నోట శివనామం కూడా రాలేదు. తమ్ముడు బండి తిప్పి దగ్గర్లో ఉన్న దవాఖానకు తోలాడు. అక్కడివాళ్లు పెద్ద సిలిండర్ ఇచ్చి సాయంత్రానికి ఇంటికి పంపారు. కాళేశ్వరం గాలి కూడా మాకు తగల్లేదు.

మరునాడు కాక వచ్చి మా అరుగు మీద ఆ బ్యాటరీ మూత విప్పాడు. సగం డబ్బాలోనే సెల్లులు ఉన్నాయి. మిగిలిన సగంలో బరువు కోసం ఇసుక సంచులు కుక్కి ఉన్నాయి. ఆయన తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు.

"గీ సగం సెల్లులతోని ఇంట్ల ఆరు గంటలు ఎట్ల నడిచిందో సమజైతలేదు. తప్పు నాదే బిడ్డా. ఈ చెయ్యే నన్ను మోసం చేసింది."

అప్పుడు చెప్పాల్సింది. మా ఆయన గదిలోంచి వింటున్నాడు. ఆయనకూ నేను నిజం చెప్పలేదు. నోరు తెరిచి, "చాయ్ తాగుతవా కాకా," అన్నాను.

తరువాత ఆయన వేరే బ్యాటరీ తెప్పించాడు. ఈసారి చేత్తో ఎత్తలేదు. పొద్దున తొమ్మిదింటికి వచ్చి, మా వాకిట్లో స్టూలు మీద తనే కూర్చున్నాడు. గంటకోసారి, "సేటూ, గాలి మంచిగొస్తున్నదా?" అని లోపలికి కేకేసేవాడు. "నువ్వు వోతే ఇంకా మంచిగొస్తది," అని మా ఆయన. మధ్యాహ్నం మూడు దాటాక గానీ మిషన్ ఆగలేదు. కాక లేచి నిలబడి, కాళ్లు సాగదీసి, "ఇగ పోండ్రి," అన్నాడు.

మేం పోలేదు. నాకు ధైర్యం చాలలేదు. కాక నెలకోసారి వచ్చి ఆ బ్యాటరీకి కరెంటు ఎక్కించిపోయేవాడు. "ఎప్పుడు పోతరు బిడ్డా?" అని అడిగేవాడు. దుకాణంలో ఎవరి బ్యాటరీనీ చేత్తో ఎత్తి చెప్పడం మానేశాడట, మీటరు పెట్టే చెప్తున్నాడట. "కాక చెయ్యి రిటైరైంది," అని బజారులో నవ్వుకుంటున్నారని తమ్ముడు చెప్పాడు. ఆయన వచ్చినప్పుడల్లా చెబుదామనుకునేదాన్ని. చాయ్ ఇచ్చి పంపేదాన్ని.

గురువారం ఏడ్చి బయటికి వచ్చేసరికి మా ఆయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు.

"తమ్మునికి ఫోన్ చెయ్యి. బండి తెమ్మను."

"కరెంటు లేని తాన నువ్వెట్ల..."

"కాక కూసోని చూసిన బ్యాటరీ గది. ఇంకేం పరేషాన్?"

కాక ఇల్లు సొంతూరు లింగాల ఘనపూర్‌లోనే. దారి పొడుగునా మిషన్ చప్పుడే వింటూ కూర్చున్నాను. ఆగలేదు. వాళ్ల గల్లీలో టెంటు వేసి ఉండడంతో బండి మొదట్లోనే ఆగిపోయింది. మా ఆయన తమ్ముడి భుజం పట్టుకుని దిగాడు. గొట్టం టెంటు గుంజ దాకా వచ్చింది. ఇక రాలేదు. అక్కడే నిలబడి, అక్కడి నుంచే దండం పెట్టాడు.

నేను ముందుకు వెళ్లి కాక పక్కన కూర్చున్నాను. ఉంగరం ఇంకా తీయలేదు. యాసిడ్ మరకలున్న కుడిచెయ్యి పట్టుకుని, కోడలికి కూడా వినపడేట్టే చెప్పాను.

"గంటన్నరే నడిపిన కాకా. ఆరు గంటలు నడిపి ఉంటే ఇంట్లనే తేలిపోతుండె. నీ చేతిది కాదు తప్పు, నా మాటది."

కోడలు నా వైపు చూసింది. ఆ చేతిని నా చేతుల్లోనే ఇంకొంచెంసేపు ఉండనిచ్చింది.

లేచి వెనక్కి తిరిగితే, గల్లీ మధ్యలో నేల మీద తెల్లగా గొట్టం, దాని చివర గుంజ పట్టుకుని మా ఆయన. డప్పులు ఆగినప్పుడల్లా, బండిలోంచి మిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది.